హగ్గయి, జెకర్యా, మలాకీ: వరుసగా చదివినప్పుడు మీకు ఏమనిపించింది?

సాయంకాల పాఠకురాలు

అందరికీ వందనాలు. పాత నిబంధన చివరనున్న మూడు ప్రవక్తల గ్రంథాలను విడివిడిగా చదవడం నాకు ఎప్పటినుంచో అలవాటే గాని, మధ్యలో మరో గ్రంథం తీయకుండా ఒకదాని వెంట ఒకటిగా చదవడం ఈమధ్యనే జరిగింది. అలా చదివాక నాకు బలంగా అనిపించినది ఒక్కటే: ఈ మూడింటిలోనూ దేవుడు మాట్లాడుతున్నది అలసిపోయిన మనుషులతో. యెషయా, యిర్మీయా గ్రంథాలలో విపత్తు ఇంకా రావలసి ఉంది, కాబట్టి ప్రవక్త గొంతులో హెచ్చరిక ఎక్కువగా వినబడుతుంది. ఇక్కడ రావలసిన విపత్తు వచ్చి వెళ్లిపోయింది. యెరూషలేము కాలిపోయింది, ప్రజలు బబులోను చెరలోకి వెళ్లారు, పారసీక రాజైన కోరెషు ఆజ్ఞతో కొందరు తిరిగి వచ్చారు కూడా. అయితే తిరిగి రావడమే గొప్ప మలుపు అనుకున్నవారికి, వచ్చిన తరువాత కనబడినది ముళ్లకంపలు మొలిచిన నేల, సగం ఆగిపోయిన కట్టడం, పరాయి రాజుకు కట్టవలసిన పన్ను.

హగ్గయి గ్రంథం 2 అధ్యాయాలే, 38 వచనాలే. అందులోని ప్రజలు కూలిపోయిన దేవుని మందిరాన్ని తిరిగి కట్టనక్కరలేదని ఎక్కడా అనలేదు, "సమయం ఇంకా రాలేదు" అని మాత్రమే అన్నారు. నన్ను ఎక్కువసేపు ఆపినది ఆ మాటే. దేవుణ్ణి కాదనుకున్నవాడి మాట కాదది. ఒకప్పుడు ఎంతో ఆశపడి, ఆ ఆశ నెరవేరక, దాన్ని మర్యాదగా పక్కన పెట్టుకున్నవాడు చెప్పే మాట. నా ప్రార్థనలలో కొన్నిటిని నేనూ ఇలాగే పక్కన పెట్టి ఉంచాను గనుక ఈ వచనం దగ్గరినుంచి త్వరగా కదలలేకపోయాను.

ఇంకొక చోటు 2:3. క్రీ.పూ. 586లో కూలిపోయిన సొలొమోను మందిరాన్ని చిన్నతనంలో చూసిన వృద్ధులు, హగ్గయి మాట్లాడిన 520 నాటికి ఎవరో కొద్దిమందే మిగిలి ఉంటారు. ఇప్పుడు కడుతున్నది మీ కంటికి ఎందుకూ కొరగానిదిగా కనబడుతున్నది గదా అని దేవుడే వారిని అడుగుతాడు. వారి నిరాశను ఆయన తప్పుపట్టలేదు, అది లేనట్టు నటించమని కూడా అనలేదు. దాన్ని ముందు తానే పైకి తీసి, ఆ తరువాతే ధైర్యము తెచ్చుకొని పని జరిగించమన్నాడు. ఈ వరుస నాకు ఎంతో ఆదరణ కలిగించింది. మీలో ఈ గ్రంథాలు చదివినవారు ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో రాయమని కోరుతున్నాను.

శిథిలాల చరిత్ర

చాలా మంచి చర్చ మొదలుపెట్టారు. నేను ఈ గ్రంథాలను ఎక్కువగా కాలక్రమం వైపునుంచి చదువుతాను. అది భక్తికి అడ్డం వస్తుందని కొందరంటారు గాని నా అనుభవం దానికి పూర్తిగా భిన్నం.

హగ్గయి తన ప్రవచనాలకు తేదీలు ఇచ్చినంత కచ్చితంగా ఇచ్చిన ప్రవక్తలు చాలా అరుదు. పారసీక రాజైన దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరం ఆరవ నెల మొదటి దినాన మొదటి మాట వచ్చింది. మన లెక్కలో అది క్రీ.పూ. 520 ఆగస్టు 29 అని పండితులు కట్టారు. అదే నెల ఇరవై నాలుగవ దినాన పని మొదలైనట్టు 1:15 చెబుతోంది. అంటే పునాది పడి దాదాపు పదిహేనేళ్లుగా కదలని పని, మాట వచ్చిన ఇరవై మూడు దినాలకు కదిలింది. ఒక ప్రవక్త మాటను ప్రజలు ఇంత త్వరగా విన్న సందర్భాన్ని ప్రవక్తల గ్రంథాలలో వెతికితే చాలా కొద్దిగానే దొరుకుతుంది. యిర్మీయా నలభై ఏళ్లు మాట్లాడి చూడలేకపోయిన దానిని హగ్గయి ఒక నెల తిరగకముందే చూశాడు.

ఆ సమయంలో పారసీక సామ్రాజ్యం ఎలా ఉందో తెలిస్తే జెకర్యా మొదటి దర్శనం కూడా బాగా తెరుచుకుంటుంది. దర్యావేషు క్రీ.పూ. 522లో సింహాసనం ఎక్కగానే ఎన్నో చోట్ల తిరుగుబాట్లు లేచాయి. వాటినన్నిటినీ తాను ఎలా అణచివేశాడో అతడు బెహిస్తూన్ కొండమీద మూడు భాషలలో చెక్కించాడు. సామ్రాజ్యం వణుకుతోందంటే చిన్న జాతులకు ఏదో ఒక మార్పు వస్తుందన్న ఆశ పుట్టడం సహజం. ఆ తరువాత, రెండవ సంవత్సరం పదకొండవ నెలలో, జెకర్యా చూసిన గుర్రపు రౌతులు లోకమంతా తిరిగి వచ్చి, సర్వలోకము శాంతముగానున్నదని చెబుతారు (1:11). మామూలుగా చదివితే అది శుభవార్తలా వినబడుతుంది. కానీ వెంటనే యెహోవా దూత, యెరూషలేముమీద ఎన్నాళ్లు కనికరపడకుందువు, డెబ్బది సంవత్సరాలాయెనే అని మొరపెడతాడు. లోకం శాంతించిందంటే ఏ మార్పూ రాలేదని అర్థం. అలసిన ప్రజలు అని మీరు అన్నది ఈ మొరలో స్పష్టంగా ఉంది.

ప్రశ్నించేవాడు

నేను విశ్వాసిని అని చెప్పుకోలేను గాని ఈ గ్రంథాలను గౌరవంతోనే చదువుతాను, కాబట్టి నా అభ్యంతరాన్ని మీరు అపార్థం చేసుకోరని నమ్ముతున్నాను. హగ్గయి 1:9-11 నన్ను ఇబ్బంది పెడుతుంది. ఆకాశం మంచు కురిపించలేదు, భూమి పండలేదు, ధాన్యానికీ ద్రాక్షారసానికీ తైలానికీ మనుషులకూ పశువులకూ క్షామం వచ్చింది. కారణం, నా మందిరం పాడై ఉండగా మీరు మీ యిళ్ల పని చూసుకుంటున్నారు అని. పంట పోయిన రైతు దగ్గరికి వెళ్లి, నువ్వు దేవుడికి ఇవ్వనందువల్లే నీ పొలం ఎండిపోయిందని చెప్పడం క్రూరం కాదా? ఈ వాదాన్ని చేతిలో పెట్టుకొని దిక్కులేనివారిని భయపెట్టినవారు ప్రతి కాలంలోనూ ఉన్నారు. అలసిన మనుషులను దేవుడు ఆదరించాడని మీరు అంటున్నారు, నాకు మాత్రం ఆ అలసటమీద ఇంకొక బరువు పెట్టినట్టు కనబడుతోంది.

విశ్రాంత బోధకుడు

నాయనా, మీ ప్రశ్న న్యాయమైనది. ప్రసంగవేదికమీద నిలబడిన రోజుల్లో ఈ వచనాలను ఎత్తుకున్న ప్రతిసారీ నా గుండెలో కొంత భయం ఉండేది, ఎందుకంటే మీరు చెప్పిన విధంగా వాటిని వాడడం చాలా తేలిక.

నా గ్రహింపు ఇది. మొదట, హగ్గయి ఈ మాటను ఎవరికి తెచ్చాడో 1:1 చెబుతోంది: యూదా దేశపు అధికారియైన జెరుబ్బాబెలుకు, ప్రధానయాజకుడైన యెహోషువకు. తప్పుపట్టినది చెక్కపలకలతో సరంబీ (లోపలి పలకల పని) వేయించుకున్న ఇళ్లలో ఉంటున్నవారిని. కొండ ఎక్కి మ్రాను తెమ్మన్నాడే గాని (1:8) వెండి బంగారాలు పోగుచేయమనలేదు; పైగా వెండి నాది, బంగారు నాది అని 2:8లో తానే చెబుతున్నాడు. తమ ఇంటి గోడలకు నునుపైన పలకలు దొరికినవారికి దేవుని ఇంటికి మాత్రం సమయం దొరకలేదన్నది అక్కడి విషయం.

రెండవది, "విస్తారంగా విత్తినా కొంచెమే పండింది" అనే మాటలు ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయంలోని నిబంధన శాపాల ప్రతిధ్వని. అవి ఒక నిర్దిష్ట ప్రజతో చేసిన నిబంధనలోని మాటలు. ఎండిన ప్రతి పొలం వెనుకా పాపం వెతకమనే సూత్రం బైబిలు మనకు ఇవ్వలేదు. ఆ పని చేసిన యోబు స్నేహితులమీద దేవుడు కోపించాడు. ప్రవక్త అధికారంతో హగ్గయి ఒకసారి అన్నదానిని, ఆ అధికారం లేని మనం పొరుగువాడి పంటను చూపించి అనకూడదు.

మూడవది నన్ను బాగా తాకిన సంగతి. తొమ్మిదవ నెల ఇరవై నాలుగవ దినాన, అంటే డిసెంబరులో, దేవుడు వారితో మాట్లాడుతూ గడిచిన లెక్కలు చెబుతాడు: ఇరవై కుప్పలు ఉండవలసిన చోట పది, యాబది కొలల రసం తోడుకుందామని తొట్టి దగ్గరికి వస్తే ఇరవై. ద్రాక్ష, అంజూరము, దానిమ్మ, ఒలీవ ఇంకా ఫలించలేదు. ఆ తరువాత, ఇది మొదలుకొని నేను మిమ్మును ఆశీర్వదించెదను అంటాడు. ఆ రోజు వారి కొట్లలో ఏమీ మారలేదు. విత్తనం నేలలో ఉంది, కోత వసంతంలో. ఆ నడుమ నెలలన్నీ వారికి ఉన్నది మాట ఒక్కటే. లెక్క చెప్పి బెదిరించేవాడు పంట చేతికి వచ్చాకే దీవెన సంగతి ఎత్తుతాడు. ఈయన పంట కనబడకముందే దీవించాడు.

ప్రశ్నించేవాడు

బోధకులు గారూ, శ్రద్ధగా జవాబిచ్చినందుకు కృతజ్ఞతలు. సరంబీ వేసిన ఇళ్ల విషయం, మాట ముందుగా ఎవరికి వచ్చిందన్న విషయం నేను ఒప్పుకుంటాను, అది నా చదువును మారుస్తుంది. అయినా క్షామం వచ్చినప్పుడు పలకల ఇళ్లవారికంటే కూలివారే ముందు పస్తులుంటారు. 1:11లో "చేతి పనులన్నిటి" మీదా క్షామం అని ఉంది గాని, అధికారి బల్లమీద మాత్రమే అని లేదు. ఆ కష్టం నాకు మిగిలే ఉంది. 1:6లో పనివాని జీతం చిరిగిన సంచిలో వేసినట్టు ఉన్నదన్న మాటను మాత్రం మరచిపోలేను. సంపాదన చేతిలో నిలవకపోవడాన్ని ఇంతకంటే దగ్గరగా చూసి రాసిన వాక్యం నేను చదవలేదు.

గొంజిచెట్టు

నా పేరునుబట్టే నేను ఎక్కడ ఆగిపోయానో మీకు తెలిసి ఉంటుంది. జెకర్యా మొదటి దర్శనంలో ఎర్రని గుర్రమెక్కినవాడు లోయలోని గొంజిచెట్ల మధ్య నిలబడి ఉంటాడు, అదీ రాత్రివేళ. కోటల మీదా సింహాసనాల మీదా కాకుండా, ఎత్తులేని చెట్ల మధ్య, పల్లపు నేలమీద, చీకట్లో.

ఎనిమిది దర్శనాలనూ ఒకే రాత్రి చూశాడని అనుకుంటే ఆ ప్రవక్తకు నిద్ర ఎక్కడ పట్టి ఉంటుందని నాకు అనిపిస్తుంది. వాటిలో మూడవ అధ్యాయపు దర్శనాన్ని నేను చాలాకాలంగా ఒక ఆసరాలా పట్టుకొని ఉన్నాను. ప్రధానయాజకుడైన యెహోషువ మలిన వస్త్రాలతో దూత ఎదుట నిలబడి ఉంటాడు, అతని కుడిపక్కన ఫిర్యాదు చేయడానికి సాతాను ఉంటాడు. ఫిర్యాదులోని మాటలు మనకు వినిపించవు, బహుశా ఆ బట్టలను చూస్తే వినవలసిన అవసరం కూడా లేదు. యెహోషువ నోరు విప్పడు. తన బట్టలు అంత మలినం కావని వాదించడు. ఇతడు అగ్నిలోనుండి తీసిన కొరవి కాదా అని దేవుడే అతని పక్షాన మాట్లాడతాడు. మంటలోనుంచి లాగిన కట్టె నల్లగా ఉందని ఎవరు తప్పుపట్టగలరు? ఆ తరువాత మలిన వస్త్రాలు తీసివేయిస్తారు, ప్రశస్తమైన వస్త్రాలు తొడిగిస్తారు. అక్కడ ప్రవక్త ఉండబట్టలేక, అతని తలమీద తెల్లని పాగా కూడా పెట్టించమని మధ్యలో కలుగజేసుకుంటాడు (3:5). దర్శనం చూస్తున్నవాడు దర్శనంలోకి అడుగుపెట్టి ఒక మనిషి కోసం అడగడం, దూత వెంటనే ఒప్పుకోవడం నాకు ఎంత చదివినా తనివి తీరదు.

ఇంకొక చోటు 8:4-5. యెరూషలేము మహిమను వర్ణించమంటే మనం గోడలను, బంగారాన్ని తలుచుకుంటాం. జెకర్యా చూపించినది చేతికర్ర పట్టుకొని వీధుల్లో కూర్చున్న ముసలివారిని, ఆ వీధుల్లోనే ఆడుకొనే మగపిల్లలను, ఆడపిల్లలను. ముట్టడినీ ఆకలినీ చెరనూ చూసిన నగరంలో మొదట రాలిపోయేది ఈ రెండు వయసులవారే. ముసలితనం వరకు బ్రతకగలగడం, భయం లేకుండా వీధిలో ఆడుకోగలగడం, ఇవే దేవుడు మళ్లీ నివసిస్తున్న నగరానికి గుర్తులు. మా అమ్మ చివరి సంవత్సరాలలో ఆమెను రోజూ గుమ్మం ముందు కూర్చోబెట్టేవాళ్లం. వీధిలో పిల్లల అరుపులు వినబడితే ఆమె ముఖం మారేది. అప్పటికి ఆమె మమ్మల్ని గుర్తుపట్టడం మానేసింది. ఈ రెండు వచనాలు ఆ రోజుల్లో నాకు ప్రవచనంగా కాక, ఎదురుగా ఉన్న వాస్తవంగా వినబడ్డాయి.

లెక్కల పుస్తకం

మా సంఘంలో కానుకల లెక్కలు చాలాకాలం నేను చూశాను, అందువల్ల మలాకీ గురించి రాయకుండా ఉండలేను. మలాకీ 4 అధ్యాయాల గ్రంథం. అందులో లక్షలమందికి నోటికి వచ్చినది 3:10 ఒక్కటే: పదియవ భాగమంతా మందిరపు నిధిలోకి తీసుకురండి, ఆకాశపు వాకిండ్లు విప్పుతానో లేదో చూడండి. ఈ వచనం చదివి కవరు నింపి, ఆ నెల ఇంటి అద్దె కట్టలేక పోయిన ఒక విధవరాలిని నేను ఎరుగుదును. ఆమె విశ్వాసాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ కవరు తెరిచి లెక్కపెట్టిన చేతులు నావి గనుక, మలాకీని మొదటినుంచి చివరివరకు చదవవలసిన బాధ్యత నామీద ఉందనిపించింది.

చదివితే ఏముంది? 3:10కి ఐదు వచనాల ముందు, 3:5లో, దేవుడు ఎవరిమీద సాక్ష్యం చెప్పడానికి వస్తున్నాడో ఉంది: మాంత్రికులు, వ్యభిచారులు, అబద్ధ ప్రమాణికులు, కూలివాని కూలి విషయంలో వానిని, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారు, పరదేశులకు అన్యాయం చేసేవారు. ఆ పదియవ భాగం దేనికో 3:10లోనే ఉంది, నా మందిరంలో ఆహారం ఉండునట్లు అని. అది ధాన్యం, అది తిండి. మందిర సేవ చేసే లేవీయులకు సేద్యపు భూమి స్వాస్థ్యంగా లేదు, ఆ భాగంమీదనే వారు బ్రతకాలి. నెహెమ్యా 13:10లో ఆ భాగాలు అందక లేవీయులు తమ పొలాలకు పారిపోయారని ఉంది. ద్వితీయోపదేశకాండము 14:28-29 ప్రకారం మూడేళ్లకొకసారి ఆ పదియవ భాగం ఊరిలోని లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు తిని తృప్తిపొందడానికి ఉంచాలి. అంటే ఆ విధవరాలు పదియవ భాగం తినవలసినవారి వరుసలో ఉంది. ఆమె కవరు మీద చేయి పెట్టేముందు మేము ఆమె గిన్నెలో ఏముందో చూసి ఉండవలసింది.

ఇంకొక సంగతి, 1:14లో శపించబడినవాడు ఎవడు? మందలో మంచి మగదాన్ని ఉంచుకొని, మొక్కుకొని, చెడిపోయినదాన్ని బలిగా ఇచ్చేవాడు. ఉన్నవాడు. హగ్గయిలో సరంబీ ఇళ్లవారిని దేవుడు ప్రశ్నించినట్టే ఇక్కడ మంద ఉన్నవాణ్ణి ప్రశ్నిస్తున్నాడు. పైన ప్రశ్నించేవాడు గారు ఎత్తిన అభ్యంతరానికి ఈ గ్రంథాలలోనే కొంత జవాబు ఉందని నా నమ్మకం.

సాయంకాల పాఠకురాలు

లెక్కల పుస్తకం గారూ, మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇవ్వడం గురించి ప్రసంగించేవారందరూ 3:5నుంచి 3:10వరకు కలిపి చదివితే ఎంత బాగుండును.

నేను మొదట అన్న అలసట మాట మలాకీలో యాజకుల నోటినుంచే వస్తుంది. 1:13లో వారు, అయ్యో ఎంత ప్రయాసము అంటూ బలిపీఠాన్ని తృణీకరిస్తారు. హగ్గయి నాటికి మందిరం లేక అలసిపోయారు, మలాకీ నాటికి మందిరం ఉండగానే అలసిపోయారు. ఈ రెండవ అలసట మరింత ప్రమాదకరమైనదని నాకు అనిపిస్తోంది. బలులు ఆగలేదు, పీఠంమీద మంట ఆరలేదు. గుడ్డిది, కుంటిది, జబ్బుదీ వస్తూనే ఉన్నాయి. నీ అధికారికి అది ఇచ్చి చూడు, అతడు నిన్ను ఆమోదిస్తాడా అని దేవుడు అడుగుతాడు (1:8). ఆ తరువాతి మాట ఇంకా భయంకరం: నా బలిపీఠంమీద నిరర్థకంగా మంట పెట్టకుండా మీలో ఎవడైనా తలుపులు మూస్తే మేలు. ఏ మందిరం కోసం హగ్గయి ప్రజలను లేపాడో, దాని తలుపులే మూసేయమని అంటున్నాడు. మూడు గ్రంథాలను వరుసగా చదవకపోతే ఈ దెబ్బ ఇంత బలంగా తగలదు.

2:13-14 గురించి ఒక్క మాట. బలిపీఠం కన్నీళ్లతో తడిసింది, అర్పణను దేవుడు లెక్కచేయడం లేదు. ఎందుకని అడిగితే, యౌవనకాలంలో పెండ్లాడిన భార్యకు చేసిన ద్రోహానికి తాను సాక్షినని జవాబు. ఆమె ఈ గ్రంథంలో ఎక్కడా మాట్లాడదు, ఆమె పక్షాన సాక్ష్యం చెప్పేవాడు మాత్రం ఉన్నాడు. కష్టంలో ఉన్న సహోదరీలకు నేను ఈ రెండు వచనాలే చూపిస్తూ వచ్చాను. "పరిత్యాగము నాకు అసహ్యము" అన్న 2:16ను విడిగా తీసి, హింస పడుతున్న ఆడవారిని ఇంట్లోనే ఉండమనడానికి వాడేవారు ఆ వచనంలోనే బలాత్కారాన్ని కూడా అసహ్యించుకుంటున్నానని ఉన్నదాన్ని చదవాలి.

శిథిలాల చరిత్ర

ఎవరూ ఎత్తని ఒక సంగతి నన్ను వెంటాడుతూ ఉంటుంది. హగ్గయి చివరి వచనంలో దేవుడు జెరుబ్బాబెలును ముద్ర ఉంగరంగా చేస్తానని మాట ఇస్తాడు. అతని తాత, యూదా రాజైన యెహోయాకీనును గురించి యిర్మీయా 22:24లో, నీవు నా కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడదీసి పారవేస్తానని ఉంది. తీసి పారవేసిన ఉంగరాన్ని మనుమడి కాలంలో మళ్లీ వేలికి పెట్టుకున్నట్టు ఈ మాట వినబడుతుంది. ఎంత పెద్ద వాగ్దానం! మందిరానికి పునాది వేసిన చేతులే దాన్ని ముగిస్తాయని జెకర్యా 4:9లో కూడా ఉంది. మందిరం క్రీ.పూ. 515లో, దర్యావేషు ఆరవ సంవత్సరం అదారు నెల మూడవ దినాన, పూర్తయింది. అయితే దాన్ని వర్ణించే ఎజ్రా 6వ అధ్యాయం చివరి భాగంలో యూదుల పెద్దలు ఉన్నారు, హగ్గయి, జెకర్యాల పేర్లు ఉన్నాయి, జెరుబ్బాబెలు పేరు లేదు. అతనికి ఏమైందో లేఖనం చెప్పదు. క్రైస్తవ పాఠకులు అతణ్ణి మళ్లీ మత్తయి 1:12లో, లూకా 3:27లో, వంశావళి నడుమ ఒక పేరుగా చూస్తారు. తనకు ఇచ్చిన మాట నెరవేరడం ఆ మనిషి కళ్లారా చూశాడా? వాగ్దానం నిజమైనదే అయినా దానిని అందుకున్నవాడి ఆయుష్షులో అది ఇమడకపోవచ్చునన్న ఆలోచన నాకు ఓదార్పూ ఇస్తుంది, దుఃఖమూ ఇస్తుంది.

మలాకీ ముగింపు గురించి మరొకటి. క్రైస్తవుల పాత నిబంధన మలాకీతో ముగుస్తుంది గనుక ఏలీయా వస్తాడన్న మాట తరువాత పేజీ తిప్పితే మత్తయి వస్తుంది. యూదుల బైబిలులో మలాకీ ప్రవక్తల భాగానికి చివర ఉంటుంది, దాని వెనుక కీర్తనలు మొదలైన గ్రంథాలు ఉంటాయి, మొత్తం దినవృత్తాంతములతో ముగుస్తుంది. మలాకీ చివరి వాక్యం శాపాన్ని ప్రస్తావిస్తుంది గనుక, దాన్ని చదివాక దాని ముందున్న ఏలీయా వచనాన్ని మళ్లీ చదివి ముగించడం యూదుల ఆచారం. ఈ సంగతి తెలిశాక నేను కూడా అలాగే చదువుతున్నాను.

ప్రశ్నించేవాడు

ఇంతవరకు అందరూ జెకర్యా మొదటి ఎనిమిది అధ్యాయాల దగ్గరే ఉన్నారు. తొమ్మిదినుంచి పద్నాలుగువరకు నాకు అంతు చిక్కలేదు. తేదీలు మాయమయ్యాయి, జెరుబ్బాబెలు, యెహోషువ కనబడరు, స్వరమే మారిపోయింది. ఇవి వేరే కాలంలో, వేరే చేతులమీదుగా వచ్చాయని చాలామంది పండితులు అనడం సమంజసంగానే తోస్తుంది. గాడిదనెక్కి దీనుడిగా వచ్చే రాజు (9:9), ముప్పది తులముల వెండి (11:12), తాము పొడిచినవానిమీద దృష్టియుంచి దుఃఖించే ప్రజలు (12:10), కాపరిని కొడితే చెదరిపోయే గొర్రెలు (13:7), ఇవి సువార్తలలో యేసు చివరి దినాల కథనంలో ఎందుకు వచ్చాయో నాకు తెలుసు. కానీ పద్నాలుగవ అధ్యాయంలో నిలబడి ఉండగానే మాంసం కుళ్లిపోయే మనుషులను (14:12) చదివి మీరేమి చేస్తారు? దాటవేస్తారా?

గొంజిచెట్టు

దాటవేయను, అలాగని అర్థమైందని కూడా చెప్పను. యుద్ధంలో ఓడి, ఇళ్లు దోపిడీ అయి, స్త్రీలు చెరచబడినవారి గొంతు ఆ అధ్యాయం రెండవ వచనంలోనే ఉంది. ఆ గొంతు తీర్పును అడుగుతున్నప్పుడు నేను పక్కన కూర్చొని వింటాను, దాని భాషను సరిదిద్దడానికి నాకు అర్హత లేదు. అయితే ఆ అధ్యాయం అక్కడ ఆగదని మాత్రం చెప్పగలను.

ఈ గ్రంథంలో గుర్రాలను వెంబడించి చూడండి. మొదటి దర్శనంలో అవి లోకాన్ని కనిపెట్టి తిరిగే గుర్రాలు, ఆరవ అధ్యాయంలో రథాలకు కట్టినవి. 9:10లో రాజు గాడిదమీద వచ్చాక యెరూషలేములో గుర్రాలు ఉండకుండా చేస్తానంటాడు. 12:4లో గుర్రాలకు బెదురు, గుడ్డితనం కలుగుతాయి. 14:15లో శత్రువుల పాళెములోని గుర్రాలమీద కూడా తెగులు పడుతుంది. యుద్ధానికి గుర్తుగా ఉన్న ఈ జంతువుకు ఇక చోటు లేదనుకుంటాం. చివరికి 14:20లో గుర్రాల మెడలోని గంటలమీద "యెహోవాకు ప్రతిష్ఠితము" అని రాసి ఉంటుంది. అది నిర్గమకాండము 28:36లో ప్రధానయాజకుని పాగామీద బంగారు రేకుపై చెక్కిన మాట. మూడవ అధ్యాయంలో ప్రవక్త అడిగి మరీ పెట్టించిన పాగా గుర్తుందా? ఒక్క మనిషి నుదుటిమీద ఉండవలసిన మాట గుర్రాల గంటలమీదికి, ఆ తరువాత యెరూషలేములోని ప్రతి వంటపాత్రమీదికి వచ్చింది.

విశ్రాంత బోధకుడు

అమ్మా, ఇన్నేళ్లు బోధించినా గుర్రాల సంగతి నేను ఇలా వరుసపెట్టి చూడలేదు, మీకు నా వందనాలు. పాత్రల గురించి 14:21లో ఇంకొక మాట ఉంది: బలిపశువులను వధించేవారందరూ వాటిలో కావలసినవాటిని తీసుకొని వండుకుంటారు. హగ్గయి 2:12లో యాజకులను అడిగిన ప్రశ్న దీని పక్కన పెట్టి చూడండి. ప్రతిష్ఠిత మాంసం కట్టుకున్న చెంగు రొట్టెకో వంటకానికో ద్రాక్షారసానికో తగిలితే అది ప్రతిష్ఠితమవుతుందా అంటే, కాదు అన్నారు. అపవిత్రత మాత్రం ముట్టుకుంటే అంటుతుంది అన్నారు. హగ్గయి కాలంలో పవిత్రత అంటేది కాదు. జెకర్యా చివరి వచనంలో ఇంటి కుండలన్నీ ప్రతిష్ఠితమే. ఈ మార్పు ఎలా జరుగుతుందో జెకర్యా చెప్పలేదు. నేనైతే క్రీస్తు కుష్ఠరోగిని ముట్టుకున్న చోటికి వెళ్తాను.

ప్రశ్నించేవాడు

మీరు వెళ్లిన చోటికి నేను రాలేకపోవచ్చు గాని, హగ్గయి 2:12నూ జెకర్యా 14:21నూ ఎదురెదురుగా పెట్టి చదవడం నాకు కొత్త. 14:12 నాకు ఇంకా కష్టంగానే ఉంది. పదకొండవ అధ్యాయంలోని కాపరి తన రెండు కర్రలనూ ఎందుకు విరిచాడో, ఒక్క నెలలో సంహరించిన ఆ ముగ్గురు కాపరులు ఎవరని మీరు అనుకుంటున్నారో, వీలున్నవారు రాస్తే చదవాలని ఉంది. ఈసారి ఎజ్రా 5, 6 అధ్యాయాలను పక్కన పెట్టుకొని హగ్గయి దగ్గరినుంచి మళ్లీ మొదలుపెడుతున్నాను.